దీపాల పాట తీసేసిన వారం

మా తమ్ముడు డ్వేన్‌తో నేను ఆగస్టు నుంచి మాట్లాడడం లేదు. అమ్మ పుట్టినరోజున వాడు హాల్లో కేకు కోయిస్తుంటే నేను వెనక మెట్ల మీద కూర్చుని బీరు తాగాను. "ఇంకా ఎన్నాళ్ళే నెల్డా ఈ పంతం?" అని అమ్మ లోపల్నుంచి కేకేసింది. పంతం కాదమ్మా, ఒళ్ళు మంట అన్నాను. జరిగిందేమిటో చెబుతాను, విని మీరే తేల్చండి.

మాది విస్కాన్సిన్‌లో గ్రెటెన్ ఫాల్స్. జున్ను, బీరు, చలి కాకుండా మా ఊరు చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే, లాంప్‌లైటర్స్ డ్రమ్ కోర్. అంటే వీధి దీపాలు వెలిగించేవాళ్ళని అర్థం. వేసవి రాగానే నూట యాభై మంది పిల్లలు బాకాలూ డ్రమ్ములూ జెండాలూ పట్టుకుని బస్సులెక్కుతారు. ఏ ఊరు వెళితే ఆ ఊరి స్కూలు జిమ్ములో నేల మీద పడుకుంటారు. పగలంతా ఎండలో సాధన, సాయంత్రం స్టేడియంలో కదం తొక్కుతూ వాయించడం, మళ్ళీ బస్సు. ఆగస్టులో ఇండియానాపొలిస్‌లో పెద్ద పోటీతో ఆ ఏటికి అయిపోతుంది. ఇరవై ఒకటి నిండినవాళ్ళకి అదే ఆఖరి వేసవి. ఎంత బాగా వాయించినా, ఎంత ఏడ్చి మొత్తుకున్నా రూలు రూలే.

డ్వేన్ దానికి డైరెక్టరు. నేను వంట బండికి పెద్దని. లారీకి తగిలించిన పొడుగాటి వంటిల్లు అది. మిగతా ఏడాదంతా కౌంటీ కోర్టులో జనాన్ని నోరు మూసుకుని కూర్చోమని చెప్పే ఉద్యోగం నాది. నా గొంతు ఇలా తయారైంది అక్కడే.

మా ప్రదర్శన మా నాన్న కాలం నుంచీ ఒకేలా ముగుస్తుంది. దళమంతా మైదానం ముందు అంచుకు వచ్చి ఆగిపోతుంది. ఆ ఏటితో వయసు దాటిపోయేవాళ్ళలో అందరికన్నా ఎక్కువ వేసవులు నడిచిన ఒక్కరు వరుసలోంచి బయటికి వచ్చి దీపాల పాట ఎత్తుకుంటారు. ఒక్క బాకా, ఇంకే చప్పుడూ ఉండదు. జనం లేచి నిలబడి దీపాలు పైకెత్తుతారు. మా చిన్నప్పుడు సిగరెట్ లైటర్లు, ఇప్పుడు ఫోన్లు. ఆ తర్వాత దళమంతా అందుకుంటుంది. మా డ్వేన్‌కి ఇరవై ఒకటి నిండిన ఏడు ఆ ఒక్క బాకా వాడిదే. నేను పై వరసలో కూర్చుని చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాను. ఆ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఆఖరి ప్రదర్శన అవగానే వయసు దాటినవాళ్ళు బూట్లు విప్పి మైదానం అంచున వదిలేసి, ఉత్త సాక్సులతో బయటికి నడిచి వస్తారు. వాటిని మళ్ళీ ఎవరూ తొడుక్కోరు. డ్వేన్ కూడా బూట్లు అలాగే వదిలి వచ్చాడు. ఇంటికొచ్చేదాకా సాక్సులతోనే తిరిగాడు వెధవ.

ఈ ఏడు ఆ బాకా పాకూ వాంగ్‌ది. వాసా ఊరి నుంచి వచ్చిన హ్మాంగ్ పిల్ల, లావోస్ కొండల నుంచి వలసొచ్చిన కుటుంబం. బ్యారిటోన్ అనే పెద్ద బాకా వాయిస్తుంది. ఆరు వేసవులు నడిచింది మా దగ్గర. పొద్దున్నే అందరికన్నా ముందు బండి దగ్గరికి వచ్చేది, జేబులో సొంత కారం సీసాతో.

"ఆంటీ, ఈ గుడ్లు కోడి పెట్టిందా, మీరు స్పాంజి కోసి వండారా?"

"తింటే తిను, లేకపోతే దారివ్వు."

"తింటాను లెండి. కారం ఉందిగా, స్పాంజైనా దిగుతుంది."

అలా ఉండేది మా ఇద్దరి సంగతి. ఆరు వేసవుల్లో ఆ పిల్ల ఒక్కసారి కూడా కాళ్ళు నొప్పులనలేదు. ఈ ఏడు వాళ్ళ నాయనమ్మ, బాబాయిలు, పిన్నులు, వాళ్ళ పిల్లలు అందరూ కలిసి ఇండియానాపొలిస్ వస్తున్నారని జూన్ నుంచీ ఒకటే చెప్పేది. నాయనమ్మ ఎప్పుడూ చూడలేదట. బస్సుల్లో తిరిగి ఎండలో మాడిపోయే ఈ పని ఏమిటో ఆవిడకి అంతుపట్టేది కాదట. "ఒక్కసారి దీపాల పాట వింటే తెలుస్తుంది ఆంటీ, ఇంకేం చెప్పక్కర్లేదు" అనేది.

ఇక గ్రాంట్ ఎల్స్‌వర్త్ సంగతి. షో రాయించడానికి డ్వేన్ పిలిపించుకున్న డిజైనరు. నల్ల కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఐసు కాఫీ. మేం పెట్టిన కాఫీ ముట్టుకునేవాడు కాదు. ఈ ఏడు షో మునిగిపోయే ఓడ మీద. బాగానే ఉంది, కాదనను. పిల్లలు కెరటాల్లా లేచి పడుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. జడ్జీలిచ్చే అంకెలు కూడా ఎన్నో ఏళ్ళ తర్వాత పైకి పాకాయి. శనివారం ఫైనల్స్‌లో పన్నెండు దళాలకే చోటు. మేం పదమూడులో నిలబడ్డాం. పన్నెండోవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నారు. మా దళం శనివారం మైదానంలో అడుగుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది.

ఆఖరి వారం సోమవారం, ఇండియానాలో ఒక స్కూలు మైదానం. పిల్లలు ఎండలో ఉన్నారు. డ్వేన్, ఎల్స్‌వర్త్ నా బండి నీడలోకి వచ్చి నిలబడ్డారు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. నేనక్కడ ఉన్నట్టే లేదు వాళ్ళకి.

"జడ్జీలు ముగ్గురూ అదే మాటన్నారు డ్వేన్," అన్నాడు ఎల్స్‌వర్త్. "ఓడ మునిగింది. అందరూ చచ్చారు. అక్కడితో షో అయిపోవాలి. చచ్చినవాళ్ళు లేచొచ్చి మీ ఊరి జోలపాట వాయించడమేంటి?"

"అంతకుముందు పావుగంటసేపు నీళ్ళల్లో బాకాలూదారుగా, అదెలా కుదిరింది?" అన్నాను నేను.

ఎల్స్‌వర్త్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "నెల్డా గారూ, ఇది పోటీ. జాతర కాదు."

"మరి ఆ స్టాండ్స్ దేనికి కట్టారయ్యా? మీ జడ్జీలు ముగ్గురికీ మూడు కుర్చీలేస్తే సరిపోయేదిగా?"

"అక్కా, నువ్వు ఉల్లిపాయలు చూసుకో," అన్నాడు డ్వేన్.

విన్నారా ఆ మాట? చిన్నప్పుడు వాడికి బూట్ల తాళ్ళు కట్టింది నేను. చేతిలో కత్తి ఉంది కాబట్టి పళ్ళు నూరుకుని ఊరుకున్నాను.

సాయంత్రం భోజనాల ముందు డ్వేన్ పాకూని బండి వెనక్కి పిలిచాడు. కిటికీ తెరిచే ఉంది, దాచడమెందుకు, నేనేం చెవులు మూసుకోలేదు.

"పాకూ, పాట తీసేస్తున్నాం. గురువారం, శుక్రవారం మాత్రమే. పన్నెండులోకి వచ్చామా, శనివారం తిరిగి పెడతాను. శనివారం స్థానాలు ఎటుపోయినా నాకు బెంగలేదు. నువ్వే ఎత్తుకుంటావు. మాటిస్తున్నాను."

పాకూ వెంటనే అడిగింది. "పన్నెండులోకి రాకపోతే సార్?"

"వస్తాం."

"నేనడిగింది అది కాదు సార్."

"వస్తామమ్మా. మీవాళ్ళు ఎప్పుడొస్తున్నారు?"

"శుక్రవారం."

"శనివారం రమ్మను. ఫైనల్స్‌లో చూడనీ నిన్ను. ఇంకా బావుంటుందిగా?"

అలా అన్నాడు, నవ్వుతూ, భుజం తట్టి. వాడికి దురుద్దేశం లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. లేకపోతే ఏం? చేసింది చేసిందేగా.

పాకూ పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. రెండు గరిటెలు ఎక్కువే వేశాను.

"ఎందుకొప్పుకున్నావే పిచ్చిదానా? వద్దని చెప్పి ఉంటే వాడు నోరెత్తగలిగేవాడా?"

"నూట యాభై మందికి శనివారం కావాలి ఆంటీ. సోరెన్ని చూడండి, డ్రమ్ము కొట్టీ కొట్టీ వేళ్ళకి టేపులేసుకున్నాడు. నా పాట కోసం వీళ్ళందరి శనివారం పోగొడితే రేపు బస్సులో వాళ్ళ పక్కన ఎలా కూర్చోను?"

"మరి నీ శనివారం?"

"సార్ మాటిచ్చారుగా."

బల్ల దగ్గర కూర్చుని వాళ్ళ బాబాయికి ఫోన్ చేసింది. హ్మాంగ్‌లో మాట్లాడింది, నాకు రాదు. కానీ శనివారం అన్న మాట మాత్రం రెండుసార్లు ఇంగ్లీషులో వినిపించింది. అవతల బాబాయి ఏదో గొణిగినట్టున్నాడు, వేన్లకీ సెలవులకీ మళ్ళీ ఏర్పాట్లు చేసుకోవాలి మరి. ఈ పిల్ల నవ్వుతూ బతిమాలింది.

మంగళ, బుధవారాలు కొత్త ముగింపే తోమారు. ఓడ మునిగాక అందరూ నేల కూలి కదలకుండా పడుండాలి, అంతే. కూలడం, లేవడం, మొదటికి పరిగెత్తడం, మళ్ళీ కూలడం. కాలే గడ్డి మీద. సాయంత్రానికి మోచేతులు దోక్కుపోయి వచ్చారు పిల్లలు. కొందరికి నిజంగా నచ్చింది, అదీ చెప్పాలి. "పాతకాలం పాట ఆంటీ, జడ్జీలకి బోర్," అన్నాడు సోరెన్ నాతో. వాడికి ఆ పూట చాక్లెట్ పాలు ఇవ్వలేదు. అయిపోయాయని అబద్ధమాడాను.

గురువారం తొలి రౌండు, పగటి పూట, స్టేడియం సగం ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ, ఏదో నములుతూ కూర్చున్నారు. మా పిల్లలు వాయించి వచ్చారు. పన్నెండో స్థానం! వెంట్రుకవాసిలో. ఎల్స్‌వర్త్ వచ్చి నా బండి తలుపు మీద చేత్తో టకటక కొట్టి, "చూశారా?" అన్నాడు. చూశాను. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గంతులేస్తున్నారు. పాకూ కూడా గంతులేస్తోంది. ఆ పూట నాకూ ఆశ పుట్టింది. అది ఒప్పుకుంటాను.

శుక్రవారం సెమీఫైనల్స్. ఆ రోజు పన్నెండులో ఉంటేనే శనివారం. లోపలికి వెళ్ళే గేటు దగ్గర పిల్లలు యూనిఫారాల్లో వరసగా నిలబడ్డారు. కాళ్ళు పట్టేయకుండా నేను ఊరగాయ దోసకాయల నీళ్ళు కప్పుల్లో పోసి ఇస్తున్నాను. తాగినవాళ్ళు తాగినట్టే మొహాలు పెడుతున్నారు. డ్వేన్ వచ్చి వయసు దాటే పిల్లలందరినీ పక్కకి పిలిచాడు.

"ఇవాళ ఎవరూ బూట్లు విప్పొద్దు," అన్నాడు. "విప్పారంటే, ఓడిపోయామని మనమే చెప్పినట్టు. బూట్లు రేపు. విన్నారా? రేపు అందరం కలిసి."

"రేపు లేకపోతే?" అన్నాను నేను వెనకనుంచి.

అందరూ నా వైపు తిరిగారు. డ్వేన్ మొహం కందగడ్డ అయింది. "శకునం పలక్కు అక్కా, నీకు దణ్ణం పెడతాను."

ఇలాంటి దిక్కుమాలిన తప్పు మా లోకంలోనే జరుగుతుంది. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. ఒక జత బూట్లు ఎప్పుడు విప్పాలన్నదానికి ఇంత రాద్ధాంతమా అంటారు. కానీ అంచున నిలబడ్డ దళానికి తన ఆఖరి రోజు ఏదో తెలియదు. విప్పితే ఆశ వదులుకున్నట్టు. విప్పకపోతే, ఆ రోజే ఆఖరిదైతే, ఇక జన్మలో విప్పేది లేదు. పాకూ వంగి బూటు తాడుకి గట్టిగా రెండో ముడి వేసింది.

నేను ఏప్రన్‌తోనే పైకి పరిగెత్తి స్టాండ్స్‌లో నిలబడ్డాను. ఆ రోజు స్టేడియం నిండింది. నా చుట్టూ మా రంగు టోపీలు, పాత లాంప్‌లైటర్స్ జాకెట్లు. బొత్తాలు పట్టని పొట్టలతో ముసలాళ్ళు, వాళ్ళ మనవలు. పిల్లలు వాయించారండీ, ఏం వాయించారు! ఓడ విరిగినప్పుడు నా పక్కనున్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు, ఎవరో కూడా తెలియదు. పెద్ద చప్పుడుతో అందరూ కూలిపోయారు. నిశ్శబ్దం.

అప్పుడు జనం లేచారు.

నా చుట్టుపక్కలే కాదు. ఎదుటి మూలనుంచి ఈ మూల దాకా. ఒక్కొక్క ఫోను వెలిగింది. పైవరసల్లో, మెట్ల మీద, వేరే దళాల పిల్లలు కూర్చున్న చోట కూడా. పాట తీసేశారని ఎవరికి తెలుసు? గురువారం సగం స్టేడియానికి తెలిసింది శుక్రవారం నిండు స్టేడియానికి తెలుస్తుందా? వాళ్ళు దీపాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

కింద పాకూ లేచి నిలబడింది, అందరితో పాటే. తలెత్తి దీపాలు చూసింది. బాకా నడుం దాకా లేచింది. నేను చూశాను, ఎవరు కాదన్నా సరే. అక్కడ ఆగింది. ముందు నిలబడి చేతులూపే పిల్ల సెల్యూట్ చేసింది. డ్రమ్ము ఒక్కటి టక్ టక్ మని కొడుతుంటే దళమంతా పక్కకి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పాకూ కూడా వెళ్ళింది, బూట్లతోనే.

"అయిపోయిందా?" అన్నాడు నా చెయ్యి పట్టుకున్న పెద్దాయన. "ఏమ్మా, పాటేది?"

"మా తమ్ముణ్ణడుగు!" అన్నాను. ఆయన బిత్తరపోయి చెయ్యి వదిలేశాడు. చప్పట్లు మొదలయ్యాయి, ఆలస్యంగా, అక్కడక్కడా. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కొందరు ఫోను ఇంకా అలాగే పట్టుకుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. పిల్లలు సొరంగంలోకి వెళ్ళేసరికి వెనక వినిపించింది ఆ నీరసపు చప్పట్లే.

ఫలితాలు వచ్చేసరికి పిల్లలు బ్రాట్‌వుర్స్ట్ సాసేజీలు తింటున్నారు. పదమూడు. దశాంశమంత తేడా. ఎవరి చేతిలో పళ్ళెం వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. సోరెన్ టేపు వేళ్ళతో మొహం కప్పుకుని నేల మీద కూర్చున్నాడు. వాడికి చాక్లెట్ పాలు నేనే తీసుకెళ్ళి పక్కన పెట్టాను.

ఎల్స్‌వర్త్ ఫోన్‌లో అంకెలు జరుపుతూ, "ట్రంపెట్లు," అన్నాడు. "రెండో భాగంలో ట్రంపెట్లు జారాయి."

"ఏదీ, ఇలా చూపించు," అని ఫోను లాక్కున్నాను. "ట్రంపెట్ల అంకె నిన్నటిదే కదయ్యా! తగ్గింది ఇక్కడ. షో చూసేవాళ్ళ మీద ఎంత పనిచేసిందని ఇచ్చే అంకె ఇది. అంత జనం గొడ్లలా నోరు తెరుచుకుని నిలబడితే జడ్జీలకి మాత్రం ఏం పనిచేస్తుంది? పాట తీసింది వాళ్ళ కోసమేగా?"

"అది అంత సింపుల్ కాదు, నెల్డా గారూ."

"సింపులే! జనాన్ని లేపి కూర్చోబెట్టావు. పిల్లల నోట్లో మట్టి కొట్టావు. చివరికి నీ పోటీ కూడా గెలవలేదు. మూడూ పోగొట్టడానికి ఎంత తెలివి కావాలయ్యా!"

ఆ రోజు కూడా అతను నా కాఫీ తాగలేదు. ట్రంపెట్లేనని ఇప్పటికీ అంటున్నాడట. అనుకోనీండి.

డ్వేన్ పిల్లల మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. మీరు గర్వపడాలి, ఇరవై ఏళ్ళలో ఇంత దగ్గరికి ఎవరూ రాలేదు, అదీ ఇదీ అన్నాడు. వాడికీ బాధ లేదని నేననను. చివర్లో పాకూ చెయ్యెత్తింది, క్లాసులో ఎత్తినట్టు.

"సార్, మావాళ్ళు బయల్దేరారు. పొద్దున్నకి వచ్చేస్తారు."

డ్వేన్ పాకూ దగ్గరికి వచ్చాడు. "ఒక పని చేద్దాం పాకూ. రేపు ఇక్కడే, పార్కింగ్‌లో, అందరం గుండ్రంగా నిలబడదాం. నువ్వు పాట ఎత్తుకో. మీవాళ్ళ ముందే. సరేనా?"

"పార్కింగ్‌లోనా సార్?"

"అదే పాట కదమ్మా."

"అదే పాటైతే లోపలే వాయించి ఉండాల్సింది సార్," అంది పాకూ. అరవలేదు. అరిచినా బావుండేది. పళ్ళెం తీసుకెళ్ళి చెత్తడబ్బాలో ఖాళీ చేసి, జిమ్ములోకి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్న గుడ్లు వేయిస్తున్నాను. పాకూ అందరికన్నా ముందే వచ్చింది, రోజూలాగే. కారం సీసా లేదు. కాళ్ళకి సాక్సులు మాత్రమే. చేతిలో బూట్లు, రాత్రి తుడిచి మెరిపించినట్టున్నాయి. డ్వేన్ బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. బూట్లు తీసుకెళ్ళి వాడి పళ్ళెం ముందు, బల్ల మీద, జతగా పెట్టింది.

"మైదానం అంచున పెట్టాల్సినవి సార్. నాకు ఆ చోటు దొరకలేదు. మీ దగ్గరే ఉంచండి."

డ్వేన్ ఆ బూట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నా వైపు చూశాడు, తీసేయమన్నట్టు. తియ్యలేదు. గుడ్లు తెచ్చి ఆ బూట్ల పక్కనే వడ్డించాను. "తిను. చల్లారిపోతాయి," అన్నాను. తినలేకపోయాడు.

ఎండ ముదిరేసరికి రెండు వేన్లు వచ్చాయి. తలుపులు తెరుచుకుని బిలబిలమంటూ దిగారు జనం. అందరి చొక్కాల మీదా పాకూ మొహం ముద్ర వేయించారు, బాకా పట్టుకున్న బొమ్మ. ఐసు పెట్టెల నిండా జిగురన్నం, ఎగ్ రోల్స్. మా పిల్లలందరికీ సరిపడా చేసి తెచ్చారు. ఆఖర్న ఎండ టోపీ పెట్టుకున్న బక్కపల్చటి నాయనమ్మని ఇద్దరు పట్టుకుని దింపారు. ఆవిడ పెద్ద చొక్కా మోకాళ్ళ దాకా ఉంది. ఓడిపోయిన సంగతి వాళ్ళకి తెలియదు. దారిలో పాకూ ఫోన్ ఎత్తలేదట.

"ఏ టైముకి వాయిస్తుందండీ మా అమ్మాయి?" అని బాబాయి నన్నడిగాడు, నవ్వుతూ.

నేను డ్వేన్ వైపు తిరిగాను. "పో. నువ్వే చెప్పు. నేను ఉల్లిపాయలు చూసుకోవాలి."

వాడు లేచాడు. బూట్లు బల్ల మీద వదలడానికి మనసొప్పలేదేమో, చేతిలో పట్టుకునే వెళ్ళాడు. పాకూ అప్పటికే నాయనమ్మ పక్కన నిలబడి ఉంది, చంకలో బాకాతో. మా పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి చూస్తున్నారు.

"అమ్మా, క్షమించాలి," అన్నాడు డ్వేన్ నాయనమ్మతో. "మేం ఓడిపోయాం. ఇవాళ స్టేడియంలో మాకు చోటు లేదు."

పాకూ హ్మాంగ్‌లో చెప్పింది. నాయనమ్మ తలూపి ఏదో అడిగింది.

"ఓడిపోతే ఓడిపోయారు, నిన్న వాయించిందిగా అంటోంది," అంది పాకూ.

"నిన్న… లేదమ్మా. అది, జడ్జీలు ఇచ్చే మార్కులని బట్టి, అంటే షో మొత్తం ఒక కథగా ఉండాలని, మా డిజైనరు కూడా… దళం మొత్తానికి మంచిదని ఆలోచించి…" అంటూ చాలాసేపు చెప్పాడు. చెప్పిందే చెప్పాడు. పాకూ మొత్తం విని నాయనమ్మకి చిన్న మాటొకటి చెప్పింది. క్షణం పట్టలేదు.

"ఏం చెప్పావు పాకూ?"

"'ఈయన వద్దన్నాడు' అని చెప్పాను సార్."

నాయనమ్మ డ్వేన్ మొహంలోకి చూసింది. తర్వాత వాడి చేతిలో బూట్లు చూసింది, తర్వాత కాలుతున్న తారు మీద మనవరాలి సాక్సులు చూసింది. దగ్గరికి వచ్చి వాడి చేతిలోంచి బూట్లు తీసుకుంది. కిందికి వంగి, పాకూ కాళ్ళ ముందు పెట్టి, కసురుతూ ఏదో అంది. నాకు భాష రాదు కానీ అర్థమైంది. తొడుక్కో, కాళ్ళు కాలుతున్నాయి, ఇంటికి పోదాం.

ఆవిడకి మా ఆచారం ఏం తెలుసు? పాకూకి తెలుసు. ఒక్క క్షణం అలాగే నిలబడింది. అప్పుడు నాయనమ్మ భుజం పట్టుకుని ఒక్కొక్క కాలే బూట్లో పెట్టింది. ముసలావిడే తాళ్ళు బిగించి ముడి వేసింది. మా వరసలో ఎవరో పిల్ల వెక్కింది. వదిలిన బూట్లు తిరిగి తొడుక్కున్నవాళ్ళని నేను నా జీవితంలో చూడలేదు.

తర్వాత పాకూ బాకా డ్వేన్ చేతికిచ్చింది. "ఇది కోర్ సొత్తు సార్," అంది. ఎగ్ రోల్స్ పెట్టెలన్నీ నా బండి దగ్గర దింపించింది. నన్ను గట్టిగా కావలించుకుని, "మీ గుడ్లు నిజంగానే స్పాంజిలా ఉంటాయి ఆంటీ," అంది. వేన్లు వెనక్కి తిరిగి రోడ్డెక్కాయి.

డ్వేన్ బాకా పట్టుకుని ఆ ఖాళీ చోట నిలబడ్డాడు. నూట యాభై మంది వాణ్ణే చూస్తున్నారు.

"వాయించరా," అన్నాను. కోర్టులో వాడే గొంతుతో అన్నాను, అందరికీ వినబడాలనే. "నీకొచ్చుగా పాట. నీకు మైదానం ఇచ్చారు, జనాన్నిచ్చారు, దీపాలిచ్చారు. నీ బూట్లు అక్కడ వదిలి రానిచ్చారు. ఊఁ, వాయించు!"

బాకా పెదాల దాకా కూడా ఎత్తలేకపోయాడు. కింద పెట్టడానికీ చేతులు రాలేదు. వాణ్ణి అలాగే నిలబెట్టి నేను వెళ్ళి ఎగ్ రోల్స్ పంచాను. అందరికీ పెట్టాను. వాడికి పెట్టలేదు.

మొన్న అమ్మచేత కబురు పంపాడు. వచ్చే వేసవి నుంచి దీపాల పాట తిరిగి పెడుతున్నాడట, ఎల్స్‌వర్త్‌ని పంపించేశాడట, ఇకనైనా అక్క మాట్లాడుతుందేమో కనుక్కోమన్నాడట. పెట్టుకోమని చెప్పమ్మా, మంచిదే అన్నాను. పాకూకి మాత్రం వచ్చే వేసవి లేదు.